కాలానికి తగ్గ జాగ్రత్తలు, పాలసీదారులతో అనుబంధం: బీమా ఏజెంట్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీవిత, ఆరోగ్య, వాహన, ఆస్తి బీమా పాలసీలు చేయిస్తున్న ఏజెంట్లు ఎండాకాలం, వానాకాలం, తుపానుల కాలం, పండుగల కాలాల్లో తమ పాలసీదారులకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎక్కడ ఆగాలి అని అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

జాగ్రత్తలు చెప్పడం ప్రభుత్వమూ పత్రికలూ చేసే పని కదా, అందులో ఏజెంటు పాత్ర ఏముంటుంది?

హెచ్చరిక జారీ చేయడం వాతావరణ శాఖ పని, విపత్తుల నిర్వహణ సంస్థ పని. అయితే ఆ హెచ్చరిక జిల్లా మొత్తానికి వస్తుంది. అది ఒక ఇంటికి ఎలా వర్తిస్తుందో ఆ ఇంటి సంగతి తెలిసినవారే చెప్పగలరు. ఏ ఇల్లు కింది అంతస్తులో ఉందో, ఎవరి కారు సెల్లారులో ఉంటుందో, ఏ ఇంటి పెద్దకు షుగరు, బీపీ ఉన్నాయో, ఏ దుకాణదారు సరుకును నేల మీదే దొంతర పేరుస్తాడో ప్రపోజల్ ఫారం నింపిన రోజే ఏజెంటుకు తెలిసిపోతుంది. అంత తెలిసినవారు ఆపద ముందు మౌనంగా ఉంటే పాలసీదారు ఆ మౌనాన్ని తప్పకుండా గుర్తుపెట్టుకుంటారు.

దీనికి మరో కారణం కూడా ఉంది. చాలా సందర్భాల్లో ప్రాణాన్నీ ఆస్తినీ కాపాడే జాగ్రత్తే క్లెయిమునూ కాపాడుతుంది. నీటిలో మునిగిన బండిని స్టార్ట్ చేయకపోవడం, పాము కరిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళడం, తడిసిన సరుకును నష్టం అంచనా వేసే సర్వేయరు చూసేదాకా పారేయకపోవడం ఇలాంటివే. భద్రత, పాలసీ షరతు కలిసే ఈ చోటు గురించి టీవీలో చెప్పరు, పత్రికల్లో అరుదుగా రాస్తారు. ఏజెంటు చెప్పదగిన మాట అక్కడే ఉంది. ఏడాదికి ఒక్కసారి, అదీ ప్రీమియం గడువు దగ్గరపడ్డప్పుడు మాత్రమే వినిపించే గొంతు వసూళ్ళ గొంతులాగే ఉంటుంది. ఆపదకు ముందు రోజు వినిపించిన గొంతును ఇంట్లోవాళ్ళు తమ మనిషి గొంతుగా లెక్కేసుకుంటారు.

తెలుగు ప్రాంతాల్లో ఏ నెలలో ఏ విషయం మాట్లాడటం మంచిది?

ఊరినిబట్టి, పాలసీదారు వృత్తినిబట్టి ఇది మారుతుంది కనుక రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక పనికిరాదు. మార్చి నుంచి రోహిణి కార్తె ముగిసేదాకా వడదెబ్బ, అగ్నిప్రమాదాలు ముఖ్యం. గుంటూరు చుట్టుపక్కల మిర్చి నిల్వ చేసే వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీల వారు ఉంటే వారికి ఈ నెలలు మరీ కీలకం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పిడుగులు, పాముకాట్లు, దోమలతో వచ్చే జ్వరాలు, వరదలు ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కోస్తాకు తుపానుల భయం. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసిన తిత్లీ, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ అన్నీ ఈ మూడు నెలల్లోనే వచ్చాయి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున హైవేల మీద పొగమంచు, సంక్రాంతి ప్రయాణాలు, తాళం వేసిన ఇళ్ళు ముందుకొస్తాయి.

గోదావరి ఒడ్డున పనిచేసే ఏజెంటుకు నది నీటిమట్టాల అంకెలు నోటికి వచ్చి ఉండాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 2022 జులైలో అక్కడ నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం దగ్గర ఇవే హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల వద్ద వస్తాయి. భద్రాచలంలో మట్టం పెరుగుతోందని వినగానే కోనసీమ లంక గ్రామాల్లోని పాలసీదారులకు ఫోను చేసే ఏజెంటుకు, నీళ్ళు వాకిట్లోకి వచ్చాక చేసే ఏజెంటుకు చాలా తేడా ఉంది. పైనుంచి నీరు దిగువకు చేరడానికి పట్టే ఆ కొద్ది వ్యవధే సామాను పైకెత్తుకోవడానికి దొరికే సమయం.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఎప్పుడు, ఏమని చెప్పాలి?

అల్పపీడనం ఏర్పడిందని వినగానే అందరికీ సందేశాలు పంపడం తొందరపాటు. అల్పపీడనాల్లో చాలావరకు తుపానులుగా మారవు, ఊరికే భయపెట్టినవారి మాటను తరువాత ఎవరూ పట్టించుకోరు. తుపాను ఏ జిల్లాల మధ్య తీరం దాటవచ్చో వాతావరణ శాఖ ప్రకటించిన తరువాత, గాలులు మొదలయ్యేలోపు, పగటివేళ చెప్పడం మంచిది. రాత్రి పదింటికి చెబితే కారు తీసి వేరేచోట పెట్టడానికి ఎవరికీ వీలుపడదు.

సందేశంలో పాలసీదారు ఇంట్లో ఉన్న వస్తువు పేరు కనబడాలి. రిటైరైన ఉపాధ్యాయుడైన ఒక పాలసీదారుకు పంపదగిన సందేశం ఇలా ఉంటుంది: “నమస్కారం మాస్టారూ. తుపాను రేపు రాత్రికి మన జిల్లా దగ్గర తీరం దాటవచ్చని వాతావరణ శాఖ చెప్పింది. మీ కారు సెల్లారులో ఉంటుంది కదండీ, ఈ సాయంత్రమే మెరక మీద పెట్టించండి. చెట్ల కింద, హోర్డింగుల పక్కన వద్దు. మేడ మీది రేకులు, పూలకుండీలు కట్టించండి లేదా దించండి. అమ్మగారి మందులు వారం రోజులకు సరిపడా తెచ్చి ఉంచుకోండి. ఇంటి కాగితాలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పై అరలో పెట్టండి. ఏ అవసరమొచ్చినా నాకు ఫోను చేయండి.” ఇందులో పాలసీ నంబరు లేదు, ప్రీమియం మాట లేదు, కంపెనీ బొమ్మ లేదు. ఉండనవసరం లేదు కూడా.

ఆ సందేశంతోపాటు ఒక చిన్న పని కూడా చెప్పవచ్చు. ఇల్లు, బండి, దుకాణంలోని సరుకు ఇప్పుడున్న స్థితిలో ఫోనుతో నాలుగు ఫొటోలు తీసి కుటుంబసభ్యుల్లో ఒకరికి పంపి ఉంచుకోమనాలి. నష్టం జరిగాక “ముందు ఎలా ఉండేది” అని సర్వేయరు అడిగినప్పుడు మాటలకన్నా ఆ ఫొటోలే ఎక్కువ ఉపయోగపడతాయి.

వరదనీటిలో మునిగిన కార్ల విషయంలో ఎందుకు అన్ని తగాదాలు వస్తాయి? ముందుగా ఏం చెప్పాలి?

ఇది విడమరిచి చెప్పాల్సిన విషయం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. అలాంటి చోట నీరు తీశాక యజమాని మొదట చేసే పని కారు తలుపు తీసి తాళం తిప్పి చూడటం. అక్కడే నష్టం పెరుగుతుంది. గాలి లోపలికి వెళ్ళే గొట్టం గుండా సిలిండర్లలోకి చేరిన నీటిని పిస్టన్ నొక్కలేదు, ఎందుకంటే గాలిలాగా నీరు నలగదు. ఆ ఒత్తిడికి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఒక్కోసారి ఇంజిన్ బ్లాకే పగులుతుంది. సీట్లు, వైరింగు, కార్పెట్లు తడవడం వరద నష్టం కిందికి వస్తుంది కనుక సమగ్ర పాలసీ ఉంటే అది చెల్లుతుంది. మునిగిన తరువాత స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మాత్రం దానిని పర్యవసాన నష్టంగా లెక్కించి, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకోనివారికి కంపెనీలు నిరాకరిస్తాయి.

కనుక వానలకు ముందే పాలసీదారుకు నాలుగు మాటలు చెప్పి ఉంచాలి. బండి చక్రాలు మునిగేంత నీరు చేరితే స్టార్ట్ చేయవద్దు, నెట్టి కూడా స్టార్ట్ చేయవద్దు. వీలైతే బ్యాటరీ తీగ తీయించాలి. నీటి గుర్తు డోరు మీద ఎంత ఎత్తున ఉందో కనబడేలా, నంబరు ప్లేటుతో సహా ఫొటో తీయాలి. కంపెనీకి తెలియజేసి, టోయింగు వాహనం మీద వర్క్‌షాపుకు పంపాలి.

ద్విచక్ర వాహనాల్లో మరో చిక్కు ఉంది, దీనిని చాలామంది ఏజెంట్లు కూడా గమనించరు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకుకు 5 ఏళ్ళ, కొత్త కారుకు 3 ఏళ్ళ థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి చెల్లే బీమా, తప్పనిసరి అయింది. షోరూములో కాగితం ఇచ్చినప్పుడు “ఐదేళ్ళ ఇన్సూరెన్సు ఉంది” అని యజమాని గుర్తుపెట్టుకుంటారు. సొంత బండి నష్టానికి సంబంధించిన భాగం ఏడాదికే ముగిసిపోయి ఉండవచ్చు. వరదలో బండి కొట్టుకుపోయిన రోజున ఈ సంగతి తెలిస్తే ఆ మనిషికి బీమా అనే మాట మీదే నమ్మకం పోతుంది. మే నెలలో ఒకసారి మీ దగ్గరి బైకు పాలసీలన్నీ తీసి ఈ రెండు తేదీలు విడివిడిగా చూసుకోండి. గడువు తీరి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు) కూడా పోతుందని ఆ సందర్భంలోనే చెప్పవచ్చు.

తుపాను వస్తోందని తెలిశాక పాలసీ చేయించమని అడిగేవారికి ఏం చెప్పాలి?

నిజం చెప్పాలి. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం కంపెనీకి అందనిదే రిస్కు మొదలు కాదు. గడువు దాటిన వాహన పాలసీకి బండిని తనిఖీ చేశాకే కొత్త పాలసీ ఇస్తారు. హెచ్చరిక జారీ అయిన ప్రాంతంలో కొత్త రిస్కు తీసుకోవడానికి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. “చూద్దాం లెండి, ఏదోటి చేద్దాం” అనడం ఆ క్షణానికి మర్యాదగా అనిపించినా, ఆ మాట మీద నమ్మకంతో కారును సెల్లారులోనే వదిలేసే మనిషికి అది హాని చేస్తుంది. పాలసీ ఇవ్వలేకపోయినా ఆ ఇంటికి అవసరమైన జాగ్రత్తలు మాత్రం అప్పుడే చెప్పండి.

వేసవిలో ఏ విషయాల మీద దృష్టి పెట్టాలి?

మొదటిది వంటగది. గ్యాసు పొయ్యికి ఉండే సురక్షా రబ్బరు గొట్టాన్ని 5 ఏళ్ళకు ఒకసారి మార్చాలి. గడువు ఆ గొట్టం మీదే ముద్రించి ఉంటుంది. ఈసారి పాలసీదారు ఇంటికి వెళ్ళినప్పుడు అనుమతి అడిగి ఆ తేదీ చూసి చెప్పండి. రెండు నిమిషాల పని అది, ఇంటి ఇల్లాలు మాత్రం దాన్ని మరచిపోరు. గ్యాసు వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా కిటికీలు తెరిచి 1906కు ఫోను చేయాలని ఇంట్లో పిల్లలకు కూడా తెలిసి ఉండాలి. వంటగ్యాసు ప్రమాదాలకు చమురు కంపెనీలు తీసుకున్న పబ్లిక్ లయబిలిటీ బీమా ఉంటుందనీ, ప్రమాదం జరిగితే డిస్ట్రిబ్యూటరుకు వెంటనే రాతపూర్వకంగా తెలపాలనీ చాలామందికి తెలియదు. ఏసీని మామూలు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకూడదన్నది ఇంకో ముఖ్యమైన మాట.

రెండవది మే నెలాఖరు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద 18 నుంచి 70 ఏళ్ళవారికి ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. జీవన్ జ్యోతి బీమా యోజనలో 436 రూపాయలకు ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తాయి. రెండింటి బీమా సంవత్సరమూ జూన్ 1 నుంచి మే 31 వరకే. మే చివరి వారంలో బ్యాంకు ఖాతాలో సొమ్ము లేకపోతే ప్రీమియం కట్ కాదు, రక్షణ ఆగిపోతుంది. “ఖాతాలో ఐదువందలు ఉండేలా చూసుకోండి” అని మే 20 ప్రాంతంలో ఫోను చేసి చెప్పండి. దీనివల్ల మీకు వచ్చే ఆదాయం ఏమీ లేదు, ఆ సంగతి పాలసీదారుకూ తెలుసు. మీ తరువాతి మాటకు విలువ పెరగడానికి అదే కారణమవుతుంది.

వడదెబ్బ విషయంలో ఆశా కార్యకర్తలు, ఆరోగ్య శాఖ చెప్పే మాటలనే తిరిగి చెప్పండి: మధ్యాహ్నం ఎండలో పనికి పోకపోవడం, మజ్జిగ, ఓఆర్ఎస్ తీసుకోవడం, స్పృహ తప్పితే 108కి ఫోను చేయడం. మందుల పేర్లు చెప్పవద్దు.

వానాకాలం జ్వరాల గురించి ఆరోగ్య బీమా పాలసీదారులకు ఏం చెప్పాలి?

కొత్త పాలసీకి సాధారణంగా 30 రోజుల నిరీక్షణ కాలం ఉంటుంది, ఆ రోజుల్లో వచ్చిన జబ్బుకు క్లెయిము రాదు. ప్రమాదాలకు అది వర్తించదు కానీ డెంగీ, మలేరియాలకు వర్తిస్తుంది. అందువల్ల ఆరోగ్య పాలసీ గురించి ఆలోచిస్తున్నవారికి ఈ లెక్క మే నెలలోనే చెప్పడం న్యాయం, ఆగస్టులో చెబితే ఉపయోగం లేదు. పాత పాలసీదారులకు రెండు మాటలు చాలు. నీళ్ళ డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల కింది పళ్ళేలు వారానికి ఒకసారి ఖాళీచేసి ఆరబెట్టుకోమనండి. ఆరోగ్య బీమా ఈ-కార్డును ఇంట్లో కనీసం ఇద్దరి ఫోన్లలో పెట్టుకోమనండి, ఎందుకంటే కార్డు ఉన్న ఫోను జ్వరం వచ్చిన మనిషి జేబులోనే ఉండిపోతుంది. నగదు రహిత చికిత్సకు ఆసుపత్రి పంపిన అభ్యర్థనపై గంటలోపు, డిశ్చార్జి సమయంలో తుది అనుమతిపై 3 గంటలలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలని బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఈ సంగతి తెలిసిన కుటుంబం బిల్లుల కౌంటరు దగ్గర ధైర్యంగా అడగగలుగుతుంది.

పల్లెల్లో పనిచేసే ఏజెంట్లకు ప్రత్యేకంగా ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అవి బతుకుతెరువుకు సంబంధించినవి. ఏరువాక మొదలయ్యే వేళకు పిడుగుల సంగతి మాట్లాడండి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా పిడుగు హెచ్చరికలు పంపుతోంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ కూడా ఉంది. ఉరుము వినబడితే చేలో ఒంటరి చెట్టు కిందికి చేరవద్దని, మోటారు స్టార్టరు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి.

పాముకాటు దగ్గర భద్రతా, బీమా రెండూ ఒకే దారిలో నడుస్తాయి. నాటు మందు, మంత్రం అంటూ గంటలు పోగొట్టకుండా విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్ళడమే ప్రాణానికి దారి. ఒకవేళ ప్రాణం దక్కకపోతే, సురక్షా బీమా నిబంధనల ప్రకారం పాముకాటు, చెట్టు మీదినుంచి పడటం వంటి ఘటనలకు వెంటనే ఆసుపత్రిలో నమోదైన రికార్డు ఆధారం. నీటిలో మునగడం, రోడ్డు ప్రమాదం వంటివాటికి పోలీసులకు ఫిర్యాదు ఉండాలి. ఆసుపత్రికే వెళ్ళని కుటుంబానికి ఆ రెండు లక్షలు కూడా అందక దుఃఖం రెట్టింపవుతుంది. గ్రామంలో నలుగురు కూర్చున్నప్పుడు ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

పంటల బీమా ఏజెంటు చేతిలో ఉండదు, బ్యాంకులు, సేవా కేంద్రాల ద్వారా నమోదు జరుగుతుంది. అయినా ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో నమోదైన రైతు మీ పాలసీదారు అయితే ఒక గడువు గుర్తుచేయండి. కోసి పొలంలోనే ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు తుపానుకో, అకాల వర్షానికో దెబ్బతింటే 72 గంటల్లో తెలియజేయాలి; 14447కు ఫోను చేయవచ్చు. డెల్టాలో వరి పనల మీద ఉండే వేళకే తుపాను వస్తుంది, ఆ 72 గంటలు నీళ్ళు తోడుకోవడంలోనే గడిచిపోతాయి.

వ్యాపారులకు పండుగల ముందు ఏం చెప్పాలి?

దసరా, దీపావళి, సంక్రాంతి ముందు బట్టల దుకాణంలో సరుకు మామూలుకన్నా ఎంతో పెరుగుతుంది, బీమా మొత్తం మాత్రం ఏప్రిల్‌లో రాసినదే ఉంటుంది. 20 లక్షల సరుకున్న చోట 10 లక్షలకే బీమా ఉంటే, 4 లక్షల నష్టం జరిగినప్పుడు దామాషా లెక్కన 2 లక్షలే చేతికి వస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో ఈ తక్కువ బీమా 15 శాతంలోపు ఉంటే మినహాయిస్తారు. అంతకన్నా ఎక్కువైతే కోత తప్పదు. సరుకు దిగుతున్న వారంలోనే వెళ్ళి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. నేలకు అడుగెత్తు చెక్క బల్లల మీద సరుకు పేర్చమనండి, షట్టరు పక్కన టపాకాయలు కాల్చనివ్వవద్దనండి. మంటలార్పే సిలిండరు మీద తిరిగి నింపాల్సిన తేదీ చూసి చెప్పండి.

సంక్రాంతికి ఊరెళ్ళేవారికి?

హైదరాబాదు సగం ఖాళీ అయ్యే రోజులవి. మెయిన్ స్విచ్చు, గ్యాసు రెగ్యులేటరు కట్టేసి వెళ్ళమనడం, ఊరెళుతున్నామని సోషల్ మీడియాలో పెట్టవద్దనడం, టైర్లలో గాలి, వైపర్లు, ఫాగ్ లైట్లు చూసుకోమనడం చాలు. గాలిపటాల నైలాను మాంజా ద్విచక్ర వాహనదారుల మెడలు కోస్తోంది. దానిని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. పిల్లలున్న ఇళ్ళకు ఈ మాట చెప్పండి. నగల విషయంలో ఒక స్పష్టత ఇవ్వండి: ఇంటికి చేయించే భారత్ గృహ రక్ష పాలసీలో నగలకు విడిగా ఐచ్ఛిక రక్షణ తీసుకుంటేనే వర్తిస్తుంది, మామూలు ఇంటి సామానుతో కలిపి అది రాదు. బీరువాలో పెట్టి వెళ్ళడంకన్నా బ్యాంకు లాకరే మేలు.

పిల్లలు విదేశాల్లో ఉండి, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న కుటుంబాలతో ఎలా మాట్లాడాలి?

డాలస్ నుంచి ప్రీమియం కట్టే కొడుకుకూ, గుంటూరులో ఒంటరిగా ఉండే తల్లికీ వేర్వేరు సందేశాలు కావాలి. తల్లికి ఫోను చేసి నోటితో చెప్పండి. ఆవిడ వాట్సాప్ సందేశాలు చదవకపోవచ్చు. కొడుకుకు మాత్రం వివరంగా రాయండి: అమ్మగారి ఫోనులో ఆరోగ్య కార్డు ఉందా, దగ్గరలోని నెట్‌వర్క్ ఆసుపత్రి ఏది, రాత్రివేళ పలికే పక్కింటివారి నంబరు ఎవరి దగ్గరుంది. ఈ మూడూ తుపానుల కాలానికి ముందు సరిచూసి పెట్టే ఏజెంటును ఆ కుటుంబం వదులుకోదు. నెలల తరబడి తాళం వేసి ఉంచే ఇళ్ళ విషయంలో కంపెనీకి తెలపాలన్న షరతు పాలసీలో ఉందేమో చూసి చెప్పండి.

సూచనలతోపాటు కొత్త పాలసీల గురించి చెప్పవచ్చా?

అదే సందేశంలో వద్దు. గాలివాన హెచ్చరిక కింద “ఇప్పుడే తీసుకోండి” అని రాస్తే పైన రాసిన మంచి మాట కూడా అమ్మకపు ఎత్తుగడగానే కనిపిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్ట్, గృహ రక్ష వంటివి రెన్యువల్ సమయంలో, ఎండ కాస్తున్న రోజున, తీరికగా మాట్లాడదగిన విషయాలు. పాలసీదారే అడిగితే నిజాయితీగా సమాధానం చెప్పండి. ఒప్పించడానికి కమిషనులో భాగం ఇస్తామనడం బీమా చట్టం 41వ సెక్షన్ కింద నేరం, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది.

వాట్సాప్ గ్రూపు పెట్టి అందరికీ ఒకేసారి పంపితే సరిపోదా?

గ్రూపు వల్ల మీకు శ్రమ తగ్గుతుంది, పాలసీదారుకు మాత్రం విసుగు పెరుగుతుంది. పైగా ఒకరి ఫోను నంబరు, ఇంకొకరి అనారోగ్యం, మరొకరి క్లెయిము నలుగురి కళ్ళబడతాయి. వ్యక్తిగత సమాచారం కాపాడటానికి 2023లో చట్టమే వచ్చింది. నీట మునిగిన పాలసీదారు ఇంటి ఫొటోను ఆయన అనుమతి లేకుండా ప్రచారానికి వాడటం మరీ అన్యాయం. ఏడాదికి ఐదారు సందేశాలు, ఒక్కొక్కరికి విడిగా, వారి పేరుతో పంపండి. వృద్ధులకు ఫోను చేయండి. వద్దన్నవారికి పంపకండి.

ఆపద వచ్చిన తరువాత ఏజెంటు ఏం చేయాలి?

మొదటి ఫోను మనుషుల క్షేమం కోసం చేయండి, అందులో కాగితాల మాట ఎత్తకండి. రెండవసారి మాట్లాడేటప్పుడు క్లెయిము నమోదు చేయించి నంబరు రాసి ఇవ్వండి, సర్వేయరు ఎప్పుడు వస్తారో కనుక్కోండి, పాడైన సామాను అప్పటిదాకా ఒక పక్కన ఉంచమనండి. పెద్ద విపత్తుల తరువాత కంపెనీలు నోడల్ అధికారులను నియమించి ప్రత్యేక శిబిరాలు పెడుతుంటాయి. ఆ వివరాలు మీరే తెలుసుకుని చెప్పండి.

“అంతా వస్తుంది” అని ఎప్పుడూ అనవద్దు. తరుగుదల, తప్పనిసరి మినహాయింపు పోగా ఎంత రావచ్చో ముందే చెప్పినవారి మీద తరువాత కోపం రాదు. క్లెయిము అన్యాయంగా నిరాకరించారనిపిస్తే దారి చూపండి: ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి, బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబరులో ఐఆర్‌డీఏఐకి చెప్పవచ్చు, నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఇలాంటి ఫిర్యాదులను విచారించే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. కంపెనీకి వ్యతిరేకంగా పాలసీదారుకు దారి చెబితే తమకు ఇబ్బంది అవుతుందని కొందరు ఏజెంట్లు వెనుకాడతారు. పాలసీదారుకు ఉన్న హక్కు గురించి చెప్పడం కంపెనీకి ద్రోహం చేయడం కాదు.

నా దగ్గర వందల పాలసీలున్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి పాలసీదారు పేరు ఎదుట ఇల్లు ఏ అంతస్తు, బండి ఎక్కడ పెడతారు, ఇంట్లో అరవై దాటినవారు ఎవరు, ఏ నెలలో ఊళ్ళో ఉండరు అన్నవి రాసుకోండి. తెలియనివి తరువాతి ప్రీమియం ఫోనులో అడగండి. రాయడం పూర్తయ్యేదాకా ఆగనవసరం లేదు. కింది అంతస్తులో, చెరువు కట్ట కిందనో, వాగు ఒడ్డునో ఉంటున్నవారి పేర్లు ముందు గుర్తు పెట్టుకుని, మృగశిర కార్తె లోపల వారికి ఒక్కొక్కరికి ఫోను చేయండి.